ముఖం మీదే చెప్పే స్నేహం

ఇంగ్లండ్ రాణి ఆన్, శారా చర్చిల్ చిన్నప్పటి స్నేహితులు. హోదాలు అడ్డురాకూడదని ఉత్తరాల్లో ‘మిసెస్ మోర్లీ’, ‘మిసెస్ ఫ్రీమన్’ అని మారుపేర్లు పెట్టుకున్నారు. 1702లో ఆన్ గద్దెనెక్కగానే ఆమె సొంత ఖర్చుల లెక్క శారా చేతికొచ్చింది. 1711 నాటికి పదవులన్నీ పోయాయి.

‘ది ఫేవరిట్’ సినిమా చూసినవాళ్ళు అదంతా అబిగెయిల్ కుట్రే అంటారు. నేనొప్పుకోను. రాణి మనసు టోరీల వైపుంటే, శారా విగ్ పార్టీవాళ్ళకే పదవులిమ్మని ఏళ్ల తరబడి పోరింది. 1708లో సెయింట్ పాల్స్ చర్చి దగ్గర నలుగురిలో రాణినే నోర్మూసుకోమంది.

‘నేనేదైనా ముఖం మీదే చెప్తా’ అనే ఫ్రెండ్స్ మనకీ ఉన్నారు. మంచిదే. కానీ చెప్పే ధైర్యంతో పాటు వినే ఓపికా ఉండాలి. శారాకి లేనిది అదే.