కష్టాలకు ఇంగ్లీషు వాళ్లు పెట్టుకున్న పేర్లు మనకు కొత్తవేం కాదు



ఎస్సెస్సీ సీజీఎల్ లాంటి పరీక్షల్లో ఇంగ్లీషు జాతీయాల మీద ప్రశ్నలు వస్తాయి. ఆ లిస్టు చూడగానే మనలో చాలామందిమి పుస్తకం మూసేస్తాం. ఇవన్నీ కాన్వెంటు పిల్లలకే వస్తాయిలే అనుకుంటాం. ఆ మాటల లోపల ఏముందో చూస్తే సగం భయం పోతుంది. ఇబ్బందుల్లో పడ్డప్పుడు వాడేవి ఒక నాలుగు చూద్దాం.

'ఎట్ ది ఎండ్ ఆఫ్ వన్స్ టెథర్'. టెథర్ అంటే పశువును కట్టేసే పలుపు. తాడు అందినంత మేర గడ్డి అయిపోయింది, ఇంకా ముందుకు పోదామంటే మెడ పట్టేస్తుంది. ఓపిక, దారి రెండూ అయిపోయిన మనిషి పరిస్థితి అదే. మేకలు కాసిన మనకు ఇది ఒకరు చెప్పాలా?

'అప్ ది క్రీక్ వితవుట్ ఎ ప్యాడిల్'. పడవ వాగులో ఉంది, చేతిలో తెడ్డు లేదు. శబరి, గోదావరి ఒడ్డు ఊళ్ల వాళ్లకు వివరించక్కర్లేదు.

'ఇన్ ఎ పికిల్'. పికిల్ అంటే మనకు ఆవకాయ గుర్తొస్తుంది. పాత అర్థం మాత్రం మాంసం, కూరగాయలు ఊరబెట్టే ఉప్పునీళ్లు. షేక్‌స్పియర్ 1611 ప్రాంతంలో రాసిన 'ది టెంపెస్ట్' నాటకంలోనూ ఈ మాట ఉంది.

'బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్'. ఇది అమెరికా మాట. అరిజోనాలో జనం దివాలా తీశామని చెప్పడానికి ఇలా అంటున్నారని 1921లో అక్కడి మాండలికాల పత్రిక ఒకటి రాసుకుంది. ఇప్పుడు ఎటూ పోలేని ఏ స్థితికైనా వాడుతున్నారు. తెలుగులో అయితే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చూశారుగా. పలుపు, తెడ్డు, ఉప్పునీళ్లు, బండరాయి. అన్నీ పనిచేసుకు బతికే జనం రోజూ చూసేవే. అరిజోనా జనం మాటను ఎవరో ఒకరు కూర్చుని రాసుకున్నారు కాబట్టి అది ఎప్పటిదో ఈరోజు మనకు తెలిసింది. మన కోయ, గోండి, కొలామి, సవర, కువి భాషల్లో ఇలాంటి మాటలు లేవా? మనం హాస్టల్లో మాట్లాడటానికే సిగ్గుపడుతుంటే వాటిని రాసేదెవరు?

అందుకే మా అభిప్రాయం ఇది. ఇంగ్లీషు జాతీయాలను బట్టీ పట్టొద్దు, ఏ పనిలోంచి వచ్చిందో అడగండి, గుర్తుంటుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వను, తాతను ఒక్క ప్రశ్న అడగండి: "కష్టంలో పడితే మన భాషలో ఏమంటారు?" వాళ్లు చెప్పింది చెప్పినట్టే తెలుగు లిపిలో రాసి, అర్థంతో సహా ఇక్కడ పెట్టండి. వాళ్లు పోయాక వెతుక్కుందామంటే ఏ డిక్షనరీలోనూ దొరకవు.