చివరి తూము తెరవాలి: ఎడ్లపాడు రైతుకు చేరాల్సిన కబురు

గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఎడ్లపాడు మండలంలో స్పిన్నింగు మిల్లులు కనిపిస్తాయి. వంకాయలపాడు దగ్గర స్పైసెస్ పార్కు, చుట్టూ పత్తి, మిర్చి చేలు, ఆ పక్కన కొండవీటి కొండలు. ఇక్కడి పత్తి రైతు ఏడాది కష్టం ఇప్పుడు ఒక చిన్న కబురు మీద నిలబడి ఉంది. సరుకు ఏ రోజు, ఏ కేంద్రానికి తేవాలో చెప్పే కబురు అది.

2025లో భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. మద్దతు ధరకు అమ్మాలంటే ముందు పేరు నమోదు కావాలి, ఆ తర్వాత స్లాటు దొరకాలి. 2025–26 సీజనుకు పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర. 12 శాతం దాకా కోత పెట్టి కొంటారు, అది దాటితే వెనక్కి పంపుతారు. స్లాటు తేదీ మారిన సంగతి తెలియని రైతు ట్రాక్టరు అద్దెకు మాట్లాడుకుని వచ్చి, కేంద్రం గేటు బయట రాత్రంతా మంచులో బోరేలు ఉంచితే తేమ ఎన్ని శాతాలు పెరుగుతుందో కాటా దగ్గర తేలుతుంది. సర్వరులో మాత్రం ఆ కబురు ‘పంపాం’ అనే నమోదై ఉంటుంది.

‘పంపాం’ అన్న మాటకూ ‘అందింది’ అన్న మాటకూ మధ్య ఉన్న చోటు గురించే ఈ కరపత్రం. ఆ చోటుకు సాఫ్ట్‌వేరు వాళ్లు పెట్టిన పేరు అవుట్‌పుట్ నోడ్.

ఒక శాఖ కంప్యూటరు నుంచి ఇంకో శాఖకు, అక్కడి నుంచి రైతు ఫోనుకు సమాచారం చేరవేసే సాఫ్ట్‌వేరును మెసేజ్ బ్రోకర్ అంటారు. ఒకవైపు ఇన్‌పుట్ నోడ్ కబురు అందుకుంటుంది. మధ్య నోడ్లు దాన్ని అవతలివారికి కావలసిన రూపంలోకి మారుస్తాయి. చివర అవుట్‌పుట్ నోడ్ దాన్ని ఒక క్యూలోనో, ఎస్సెమ్మెస్ గేట్‌వేలోనో, ఫైలులోనో వేస్తుంది. ఎడ్లపాడు ఉన్న పల్నాడు వాళ్లకు ఇది సులువుగా అర్థమయ్యే ఏర్పాటే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి ఈ ప్రాంతం చూస్తున్నది అదే: డ్యాము నిండుగా ఉండొచ్చు, పెద్ద కాలువ పారుతుండొచ్చు, చివరి తూము మూసుకుపోతే చివరి ఆయకట్టు మడి ఎండుతుంది.

ఆ తూము ఎలా మూసుకుపోతుందో తెలియడానికి ఐబీఎం వారి సాఫ్ట్‌వేరు మంచి ఉదాహరణ. బ్యాంకుల్లోనూ బీమా కంపెనీల్లోనూ ఏళ్ల తరబడి నడుస్తున్నది కనుక దాని లక్షణాలు అందరికీ తెలిసినవే. సందేశాల క్యూలు నడిపే ఐబీఎం ఎంక్యూలో క్యూ తయారుచేసేటప్పుడు ప్రత్యేకంగా చెప్పకపోతే దానిలో పడే సందేశాలకు డిఫాల్టు ‘నాన్-పర్సిస్టెంట్’. పంపేవారూ వేరే చెప్పకపోతే సందేశం జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ఆ క్యూలను చూసే క్యూ మేనేజరు ప్రోగ్రాము ఆగి మళ్లీ మొదలైతే పోతుంది. క్యూలో పట్టే సందేశాల సంఖ్య డిఫాల్టుగా 5,000. స్లాట్లు తెరిచిన ఉదయం అవతలి గేట్‌వే నెమ్మదిస్తే ఆ సంఖ్య ఎంతసేపట్లో నిండుతుంది? నిండాక వచ్చే సందేశానికి 2053 అనే లోపం సంఖ్య వస్తుంది, అంతే. ఐబీఎం బ్రోకర్‌లో అవుట్‌పుట్ నోడ్‌కు ‘ఫెయిల్యూర్’ అనే ఒక ద్వారం ఉంది. దానికి తీగ కలిపి ఉంటే విఫలమైన కబురు పక్కకు వెళ్లి భద్రంగా ఉంటుంది. కలపకపోతే తప్పు వెనక్కి మొదటి నోడ్ దాకా పోతుంది. అక్కడా పట్టుకునే ఏర్పాటు లేక, లావాదేవీ రక్షణా లేకపోతే సందేశం జాడ లేకుండా పోవచ్చు.

గడువు సంగతి ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరమైనది. ఎంక్యూలో సందేశం గడువును సెకన్లలో రాయరు, సెకనులో పదో వంతుల్లో రాస్తారు. ఒక రోజుకు 86,400 సెకన్లు కదా అని ఆ అంకెనే వేస్తే సందేశం బతికేది 2 గంటల 24 నిమిషాలే. పొద్దున ఫోను ఛార్జింగు అయిపోయి సాయంత్రం ఇంటికొచ్చిన రైతు సంగతి ఆ అంకెకు తెలియదు.

తర్వాత తెలుగు. ‘ఎడ్లపాడు’ కంటికి నాలుగక్షరాలు. కంప్యూటరుకు మాత్రం ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కపెడితే 8 సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. పాత వ్యవస్థలో ఊరి పేరుకు 20 బైట్ల గడి మాత్రమే ఉంటే పేరు అక్షరం మధ్యలో తెగుతుంది. అవుట్‌పుట్ దగ్గర అక్షరాల పట్టిక, అంటే కోడ్ పేజీ, పడమటి భాషలదిగా ఉండిపోతే ఊరు, తేదీ, కేంద్రం అన్నీ ప్రశ్నార్థకాల వరసగా దిగుతాయి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగు ఎస్సెమ్మెస్‌లో పట్టేది 70 సంకేతాలే. ఖర్చు రెండింతలవుతుందని ఇంగ్లీషులో పంపడం తేలికైన దారి. కానీ తేదీ మార్పును చదవలేని భాషలో పంపితే దాన్ని పంపడమని ఎలా అంటారు?

ఇదంతా ఊహ కాదనడానికి 2021 మార్చి 8 చాలు. వాణిజ్య ఎస్సెమ్మెస్‌ల మూసను ముందే నమోదు చేయాలని, సరిపోలని వాటిని ఆపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలను టెలికాం కంపెనీలు ఆ రోజు గట్టిగా అమలుచేశాయి. దేశమంతటా బ్యాంకు ఓటీపీలు ఆగాయి. కోవిన్ టీకా నమోదుకూ ఇబ్బంది వచ్చింది. మర్నాడే ట్రాయ్ ఆ వడపోతను ఏడు రోజులు నిలిపివేసింది.  కబురు పంపినవారి చేయి దాటాక, ఫోనుకు చేరక ముందు రాలిపోయింది. స్లాటు సందేశంలో ఒక మాట మార్చి మూసను మళ్లీ నమోదు చేయకపోతే ఈరోజు కూడా అలాగే రాలిపోతుంది.

పాత తపాలా శాఖ ఈ చిక్కును కాగితంతోనే పరిష్కరించింది. 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయిన రిజిస్టరు పోస్టులో, కోరినవారికి అందుకున్న మనిషి సంతకంతో కార్డు తిరిగొచ్చేది. చిరునామా దొరకని ఉత్తరాలకు ప్రత్యేక కార్యాలయం ఉండేది. మెసేజ్ బ్రోకర్లలో చేరని సందేశాలు పడే చోటును ‘డెడ్ లెటర్ క్యూ’ అంటారు. తపాలా వారి పేరే అది. తేడా ఒక్కటే. తపాలా కార్యాలయంలో ఆ ఉత్తరాలను విప్పి చూసే ఉద్యోగి ఉండేవాడు.

కాబట్టి రైతుకు కబుర్లు పంపే ప్రతి శాఖనూ, సంస్థనూ ఈ కరపత్రం కోరేది ఇది. స్లాటు, తేదీ మార్పు, చెల్లింపు సందేశాలకు పర్సిస్టెన్స్, అంటే డిస్కు మీద రాసి ఉంచడం, తప్పనిసరి చేయాలి. ప్రతి అవుట్‌పుట్ నోడ్‌కు ఫెయిల్యూర్ తీగ కలపాలి. చేరని క్యూను చూసే బాధ్యత ఒక ఉద్యోగి పేరు మీద ఉండాలి. తెలుగు పాఠమే అసలు పాఠం కావాలి. ఫోను నుంచి డెలివరీ రిపోర్టు వచ్చే దాకా ‘పంపాం’ అని రాయకూడదు. ఆరు గంటల్లో రాకపోతే రైతు పేరు రైతు సేవా కేంద్రం జాబితాలోకి వెళ్లాలి, అక్కడి సిబ్బంది ఫోను చేసి చెప్పాలి.

డిస్కు మీద రాసుకుంటూ పంపితే వేగం తగ్గుతుందని ఇంజనీర్లు అంటారు. నిజమే, తగ్గుతుంది. షేర్ మార్కెట్‌కు అది లెక్క కావచ్చు. రెండు రోజుల తర్వాతి స్లాటుకు రెండు సెకన్ల ఆలస్యం లెక్క కాదు. చేరని కబురును మళ్లీ మళ్లీ పంపితే ఒకే కబురు రెండుసార్లు వెళ్తుందన్న అభ్యంతరం బరువైనదే. తేదీ మారినప్పుడు పాతదీ కొత్తదీ కలగలిసి రైతు తికమకపడతాడు. ప్రతి సందేశంలో స్లాటు సంఖ్య, ఎన్నో మార్పో తెలిపే అంకె ఉంచితే ఆ చిక్కు తీరుతుంది.

వచ్చే పత్తి సీజనుకు ముందే ఎడ్లపాడులో ఒక పరీక్ష జరగాలి. మండలంలో నమోదైన రైతులందరికీ ఒక నమూనా సందేశం తెలుగులో పంపాలి. మధ్యలో గేట్‌వేను కావాలని గంటసేపు ఆపాలి, క్యూ మేనేజరును ఒకసారి మళ్లీ నడపాలి. సాయంత్రానికి ఎన్ని చేరాయో, ఎన్ని పక్కకు వెళ్లాయో, ఎన్ని మాయమయ్యాయో రైతు సేవా కేంద్రం నోటీసు బోర్డు మీద అతికించాలి. మాయమైనవాటి దగ్గర సున్నా కనిపించే దాకా స్లాట్లు తెరవకూడదు.