పద్దెనిమిదేళ్ళ తర్వాత వచ్చిన గొంతు

అభిమాని అనేవాడు ఒక విచిత్రమైన ప్రాణి. తాను ప్రేమించిన గాయకుడు మళ్ళీ పాడాలని యేళ్ళ తరబడి కోరుకుంటాడు. తీరా ఆయన పాడితే, "అప్పట్లోలాగా లేదండీ" అని పెదవి విరుస్తాడు. పోనీ అప్పట్లోలాగానే పాడితే, "కొత్తగా యేముంది?" అంటాడు. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయే మనిషి మీద ఎవరికీ జాలి కలగదు. పైగా ఆయన రెండో రాకకు మనమే కారణమన్నట్టు మీసం మెలేస్తాం!

2024 డిసెంబరులో 'గోదారి గట్టు' పాట వచ్చినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. 'సంక్రాంతికి వస్తున్నాం' చిత్రంలోది. సంగీతం భీమ్స్ సిసిరోలియో, రచన భాస్కరభట్ల, పాడింది రమణ గోగుల, మధుప్రియ. చిత్రం 2025 జనవరి 14న విడుదలైంది గాని, పాట అప్పటికే ఊరూరా తిరిగేసింది. యూట్యూబులో దాన్ని చూసిన లెక్క పది కోట్లు ఎప్పుడో దాటింది. ఇందులో వింత లేదు, మన దగ్గర పెద్ద సినిమా పాటలకు అంకెలకేం కొదవ! వింత ఆ గొంతు గురించి జరిగిన చర్చ.

ఇప్పటి విద్యార్థి మిత్రుల కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. నేను ఈ కళాశాలలోనే చదువుకుని, ఈ కళాశాలలోనే పాఠాలు చెబుతున్నవాణ్ణి గనుక రెండు కాలాలూ నాకు తెలుసు. 1998లో 'ప్రేమంటే ఇదేరా' వచ్చింది. 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి'. అంతవరకు తెలుగు సినిమా పాటంటే గొంతు సాఫుగా, సంగతులు కుదురుగా వుండాలి. ఇతని గొంతులో ఆ సాఫుతనం లేదు. కాస్త బొంగురు, కాస్త ముక్కు, తెలుగు మాటను ఇంగ్లీషువాడు పలికినట్టు ఒక వింత సాగదీత. (అభిమానంతో ఏకవచనం వాడుతున్నాను, పెద్దలు మన్నించాలి.) వెనకాల గిటారు సిగ్గుపడి మూల కూర్చోకుండా ముందుకొచ్చి వాయించేది. 'తమ్ముడు'లో ఒక పాట మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషే. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో దిగిన మాలాంటివాళ్ళకు ఆ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. అయినా గొంతు చించుకుని పాడేవాళ్ళం. అర్థమైన పాటలన్నీ మరిచిపోయాం, అర్థం కానిది మాత్రం ఇప్పటికీ నోటికొస్తుంది!

తర్వాత 2003లో 'జానీ', 2006లో 'లక్ష్మి', 'అన్నవరం', 2007లో 'యోగి'. ఆ పైన అతను సినిమా విడిచి సాంకేతిక రంగంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మేమూ ఎవరి ఉద్యోగాలకు వాళ్ళం వెళ్ళిపోయాం.

ఇక పాట వచ్చిన తర్వాత మా వీధి సంగతి. నేను వుండేది పురానాపూల్ దగ్గర. ధూల్‌పేట కూతవేటు దూరం. పండగ ఇంకా నెలరోజులుందనగానే అక్కడ పతంగుల బేరాలు మొదలవుతాయి. భోగి నాటికి మా గల్లీలో డాబా ఖాళీగా వుండదు. చర్ఖా పట్టుకున్నవాడొకడు, మాంజా లాగేవాడొకడు, ఊరికే "అఫా!" అని అరిచేవాళ్ళు పదిమంది. ప్రతి డాబా మీదా ఒక సౌండు బాక్సు. 2025 సంక్రాంతి మూడు రోజులూ ఈ బాక్సులన్నీ ఒకే పాట పాడాయి. ఒక డాబా మీద పల్లవి అయ్యేసరికి పక్క డాబా మీద మొదలయ్యేది. గోదారికీ పురానాపూల్‌కూ ఎంత దూరం! మాకున్నది మూసీ. మూసీ గట్టు మీద ప్రేమ పాట కట్టే సాహసం ఏ కవీ చేయడేమో, ఆ వాసన అలాంటిది.

పక్కింటి కుర్రవాడు, ఇంటరు చదువుతున్నాడు, నన్ను అడిగాడు: "సార్, ఈ పాడినాయన కొత్త సింగరా?"

"పాతవాడే నాయనా. మా కాలంవాడు."

"పాతాయనైతే ఇన్ని దినాలు యాడికి పోయిండు సార్?"

పిల్లవాడు మామూలుగా అడిగి పతంగి వైపు తిరిగిపోయాడు. నేను మాత్రం ఆ ప్రశ్నను పట్టుకుని కూర్చున్నాను. ఆ సమాధానం కోసమే ఈ వ్యాసం.

మా పాత తరగతి మిత్రుల సంగతి వేరు. ఫోనులో మాకొక గుంపు వుంది. మామూలు రోజుల్లో అందులో పుట్టినరోజు శుభాకాంక్షలు, షుగరుకు చిట్కాలు తప్ప మరేమీ కనిపించవు. పాట వచ్చిన రాత్రి మాత్రం అది కల్లు కాంపౌండులా మారిపోయింది. "మనవాడొచ్చాడ్రా!" అని ఒకడు. ఆఫీసు నుంచి వస్తూ కారు పక్కకు ఆపి నాలుగుసార్లు విన్నానని డల్లాస్‌లో వున్నవాడు. "కళ్ళు తడిశాయి" అని ఇంకొకడు. వీడు కాలేజీలో ఎవరి చావుకూ ఏడవని మొండిఘటం! మర్నాడు పొద్దున్నుంచి రెండో రకం మొదలైంది. "గొంతు ఆయనదే, పాట ఆయనది కాదు. ఇది భీమ్స్ బాణీ. దరువు జానపదం. గిటారేది? ఆ పిచ్చి ఏది?" అని. మూడో రోజుకు రెండు వర్గాలు. నాలుగో రోజున ఒకడు గుంపులోంచి వెళ్ళిపోయాడు, ఆపైన మళ్ళీ చేరాడు.

ఈ గొడవలో నా అభిప్రాయం చెప్పకుండా తప్పించుకోలేను.

మొదట ఆ పద్దెనిమిదేళ్ళ లెక్క చూద్దాం. 'లక్ష్మి' నుంచి లెక్కిస్తే అవును, పద్దెనిమిదే. అందులోనూ వెంకటేశే నాయకుడు గనుక జోడీ కుదిరింది, వినడానికి బాగుంది. అయితే 2013లో తేజ దర్శకత్వంలో వచ్చిన '1000 అబద్ధాలు'కు సంగీతం సమకూర్చింది ఎవరు? ఈయనే! ఆ సినిమా ఆడలేదు, మనం వినలేదు, కాబట్టి లెక్కలోకి రాలేదు. మా గుంపులో ముప్పై ఏడు మంది వున్నాం. అందరూ "ఇన్నేళ్ళు ఎదురుచూశాం" అన్నవాళ్ళే. ఆ సినిమా పేరు చెబితే ఇద్దరికి గుర్తొచ్చింది. మనం గొప్పగా చెప్పుకునే నిరీక్షణలో సగం మన మరుపే సుమండీ. ఆయన తలుపు తట్టినప్పుడు మనం ఇంట్లో లేము. తర్వాత మనమే వీధిలోకొచ్చి "ఎందుకు రావడం లేదు?" అని అడిగాం.

"పాట ఆయనది కాదు" అనే రెండో వర్గం వాదనలో పస వుంది. వాళ్ళు కోరుకున్నది గొంతును మాత్రమే కాదు, ఆ గొంతు వెనక వున్న సంగీతాన్ని. అయితే దానికి భీమ్స్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఆ పాత గొంతు ఎక్కడ పెడితే పండుతుందో కనిపెట్టి అక్కడ పెట్టాడు. ఆలుమగల సరసం పాటలో నడివయసు బొంగురు గొంతు ఎంత చక్కగా అమరింది! ఇరవై యేళ్ళ కుర్రవాడు పాడి వుంటే అది ప్రేమపాటే అయ్యేది, కాపురం పాట అయ్యేది కాదు. మధుప్రియ గొంతులోని తెలంగాణ గడుసుదనం పక్కన ఈ సాగదీత పడేసరికి, భార్య మాటకు భర్త నసుగుతున్నట్టే వుంటుంది.

మా పురానాపూల్ వంతెన 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టింది. 1908 వరద దెబ్బ తిని కూడా నిలబడింది. పక్కన కొత్త వంతెన వచ్చింది, బస్సులూ లారీలూ దాని మీదనుంచే పోతాయి. పాతదాని మీద ఇప్పుడు కూరగాయల అంగడి. టమాటా, కొత్తిమీర, పచ్చిమిర్చి రాశులు. పాత వంతెన మీద గుర్రబ్బగ్గీ పోవడం లేదని అక్కడ బేరమాడే ఏ ఇల్లాలూ బాధపడగా నేను చూడలేదు.

అయినా నా అసంతృప్తి నాకూ వుంది. అది మరోచోట.

బయటి దేశాల్లో పాత బాండ్లు తిరిగొచ్చిన వైనం చూడండి. రోలింగ్ స్టోన్స్ వారు 2005 తర్వాత సొంత పాటల ఆల్బం ఇచ్చింది 2023లో. అక్కడా పద్దెనిమిదేళ్ళే! మధ్యలో 2021లో డ్రమ్మరు చార్లీ వాట్స్ చనిపోయాడు. అంతకుముందు రికార్డు చేసివుంచిన అతని వాయింపుతో రెండు పాటలు అందులో చేర్చారు. అంతకు ముందు గన్స్ ఎన్ రోజెస్ 1993 తర్వాత 2008 దాకా జనాన్ని నిలబెట్టి ఒక ఆల్బం ఇచ్చారు. పాత బృందంలో పాడేవాడు, కీబోర్డువాడు తప్ప మిగిలినవాళ్ళు దాదాపు కొత్తవాళ్ళే. అభిమానులు కొట్టుకున్నారు. కొట్టుకోనీండి! వాళ్ళ కొట్లాట ఆ బాండు చేసిన పాటల గురించి, ఆ బాండు పేరుతో వచ్చిన ఆల్బం గురించి. మన దేశంలోనే బొంబాయి బాండు ఒకటుంది. 1984లో రాక్ మెషిన్‌గా మొదలై, 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకుని, 1997లో విడిపోయి, 2010లో మళ్ళీ కలిసి, 2012లో ఆల్బం తెచ్చింది. బాలీవుడ్ తలుపు దగ్గర నిలబడకుండానే తెచ్చింది. కొన్నవాళ్ళు కోట్లలో లేరు. కాని వాళ్ళు తిరిగి రావడానికి వాళ్ళదైన చోటొకటి మిగిలివుంది.

రమణ గోగుల కూడా సినిమాకు రాకముందు, 1990లలో, మిస్టీ రిథమ్స్ అనే బృందంతో సినిమాకు సంబంధం లేని ఆల్బం చేసినవాడే. మా గుంపులో ఆ బృందం తిరిగి రావాలని ఎదురుచూసినవాడు ఒక్కడూ లేడు. వుండడు కూడా. మనకు పాటంటే సినిమా పాటే. సినిమాలో లేని గాయకుడు మన దృష్టిలో బతికి లేనట్టే. "యాడికి పోయిండు?" అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే: ఎక్కడికీ పోలేదు నాయనా, నిలబడటానికి సినిమా తప్ప ఇంకో చోటు లేక ఉద్యోగానికి పోయాడు.

తెలుగువాళ్ళ స్వభావమే అంత అని చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. జానపదం సంగతి చూడండి. ఆ పాటలో వున్న మధుప్రియ చిన్నపిల్లగా వున్నప్పుడే ఆడపిల్ల బతుకు మీద పాట పాడి ఊరూరా పేరు తెచ్చుకుంది. సినిమా తర్వాత వచ్చింది. బతుకమ్మ వస్తే కొత్త పాట, బోనాలు వస్తే కొత్త పాట. ఏ నిర్మాతా అడగకుండానే తెలంగాణలో ప్రతి యేడూ పుడుతున్నాయి, జనం పాడుతున్నారు. ఎందుకు? పాడుకోవడానికి ఒక పండుగ వుంది, ఒక వీధి వుంది, ఒక గుంపు వుంది. గిటారు పట్టిన కుర్రవాడికి ఏ పండుగ వుంది? కాలేజీ వార్షికోత్సవం ఒక్కటే!

అక్కడ మనం ఏం చేస్తున్నాం? పోయిన యేడు మన వార్షికోత్సవంలో నలుగురు పిల్లలు బాండు కట్టారు. కీబోర్డు అద్దెకు తెచ్చుకున్నారు. నాలుగో వాడు ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించి వాయించాడు, నిజం చెప్పాలంటే అతనే అందరికంటే బాగా వాయించాడు. వాళ్ళకు ఇచ్చిన సమయం చిట్టచివర. రెండు సినిమా పాటలు పాడినంతసేపూ ఈలలు. మూడోది తామే రాసుకున్నామని చెప్పి మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే బయట బిర్యానీ డేగిసాల మూతలు తీశారు. హాలులో మిగిలింది ముందు వరుసలో ప్రిన్సిపాలుగారు, నేను, ఆ పిల్లల్లో ఒకడి తల్లి. పాటలో లోపాలున్నాయి, చరణం మధ్యలో తాళం జారింది. కాని పల్లవి మర్నాడు బస్సులో నా నోట్లో ఆడింది. ఎక్కడా రికార్డు కాలేదు గనుక ఇప్పుడు ఎంత తడుముకున్నా సగమే గుర్తొస్తోంది. ఆ నలుగురిలో ఇద్దరు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగులో చేరారు. ఒకడు గిటారు అమ్మేశాడని విన్నాను. ఇరవై యేళ్ళ తర్వాత వీళ్ళు తిరిగొస్తారని ఎవరు ఎదురుచూస్తారు? మనం వినలేదు గదా!

పోటీల నిబంధనల కాగితంలో 'లలిత సంగీతం' అని వుంటుంది, బ్రాకెట్లో మాత్రం సినిమా పాటలని వుంటుంది. 'సొంత పాట' అనే వరుసొకటి అందులో చేర్చడానికి ఖర్చు లేదు. పాడినవి ఫోనులోనైనా రికార్డు చేసి గ్రంథాలయం కంప్యూటరులో యేడాదికొక ఫైలుగా దాచిపెట్టడానికీ ఖర్చు లేదు. బాగా లేనివి కూడా దాచాలి. యాభై చెడ్డ పాటలు వింటే గాని ఒక మంచి పాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పూర్వ విద్యార్థుల సంఘంవారు ప్రతి యేడూ షీల్డులు ఇస్తున్నారు, మా ఇళ్ళలో పెట్టడానికి చోటు లేదు. ఒక షీల్డుకు బదులు ఒక డ్రమ్ సెట్టు కొనివ్వండి మహాప్రభో!

సాంస్కృతిక కార్యదర్శి ఈ పేజీ తప్పకుండా చదువుతాడు, ప్రూఫులు దిద్దుతున్నది అతనే. అతని కోసం ఒక్క ముక్క: ఈసారి సొంత పాటలకు అరగంట చాలు బాబూ, అదీ భోజనాలకు ముందు.