ఏదీ, నోరు తెఱువుము!



ధనుర్మాసము వచ్చినది మొదలు కనుమ వెడలువఱకు మన యిండ్లలో ముగ్గులకు, పిండివంటలకు, చుట్టముల రాకపోకలకు దినములు చాలవు. ఆ పనులను గూర్చియే యీ మాసము వ్రాయుదమని కలము పట్టితిమి. మా చిన్నవాడు వ్రాయనీయలేదు. వానికి రెండేండ్లు నిండి మూడు నెలలైనది. వాడున్న యింట పండుగను గూర్చి వ్రాయుట యనగా వానిని గూర్చి వ్రాయుటయే. వానిని గూర్చి వ్రాయుట యనగా వాని నోటిని గూర్చి వ్రాయుటయే. కావున ఆ నోటితోనే ప్రారంభించుచున్నాము.

మాకు మా తాతగారు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పిరి. పోతనామాత్యుని దశమస్కంధమున చిన్నికృష్ణుడు మన్ను తినెనని బలరాముడును తోడి బాలురును చెప్పగా, యశోద నోరు చూపుమనుటయు, ఆ నోట సకలలోకములు కనబడుటయు మీరందఱు నెఱిగినదే. చిన్ననాడు ఆ ఘట్టము చదివినప్పుడెల్ల ఆ లోకములను తలచి యాశ్చర్యపడితిమి. ఇప్పుడు యశోదను తలచి యాశ్చర్యపడుచున్నాము. ఆ తల్లి తొట్రుపడినది ఒక్కమాఱు చూచియే కదా! మేము దినమునకు పదిమాఱులు చూచుచున్నాము.

ఈ ధనుర్మాసపు తొలి దినములలో ఆ నోట మాకు కనబడిన లోకములివి: ముగ్గుపిండి; గొబ్బెమ్మ తలమీది గుమ్మడిపూవు రేకు; హరిదాసుగారి పాత్రలో వేయుమని గుప్పిట నుంచిన బియ్యములో సగము; మా అత్తగారి జపమాల కొన; మావారు దిద్దుటకు తెచ్చిన కాగితములలో ఏడవ తరగతి బాలుని లెక్క యొకటి. ఆ లెక్క తప్పో యొప్పో తేలకుండనే పోయినది. గొబ్బెమ్మను గూర్చి మేమేమియు వ్రాయము.

మా కాపురము జగ్గయ్యపేట. 2022 సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు మా పేటయు, మా పుట్టినూరు నందిగామయు ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, మా పెద్దలు నేటికిని తమది కృష్ణాజిల్లా మెట్టసీమయే యందురు. మా పొరుగిల్లు క్రైస్తవులది. డిసెంబరు నెల రాగానే వారి వాకిట కాగితపు నక్షత్రము వ్రేలాడును. సందెవేళ దానిలో దీపము వెలుగగానే మా వాడు మా చంక దిగి, రెండు చేతులు జోడించి, "జేజ" యనును. మా దేవుని గదిలోని దీపమును జేజయే. వీధిలో పోవు గంగిరెద్దును జేజయే. కరెంటువారు స్తంభము నెక్కి వెలిగించిన క్రొత్త దీపమును జేజయే. డిసెంబరు 25వ తేది యొకరిదని, జనవరి నడుమ వచ్చు సంక్రాంతి మఱియొకరిదని వానికి తెలియదు. వానికి నెల యంతయు నొక్కటే పండుగ. రాత్రివేళ యువకులు డోలకు పుచ్చుకొని యింటింట పాడుచు వచ్చినప్పుడు నిద్ర లేచి చిందులు త్రొక్కెను. వారిలో దూదిగడ్డము పెట్టుకొనిన క్రిస్మసు తాత ముద్దాడబోగా మాత్రము మా మెడను కఱచి పట్టుకొని వీధి యదరునట్లు ఏడ్చెను.

క్రిస్మసునాటి మధ్యాహ్నము పొరుగింటి అక్కగారు మమ్ము పిలిచిరి. ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించినవారు. మా యాచారము నెఱిగి మాకై వేఱుగా అరిసెలు, కజ్జికాయలు, గ్రుడ్డు లేని కేకు సిద్ధపఱచి యుంచిరి. వసారాలో చిన్న పశువులపాక కట్టి, గడ్డి పఱచి, మట్టిబొమ్మలు నిలిపిరి. మా వాడు దానిముందు చప్పుడు చేయక కూర్చుండెను. మేము సంతసించితిమి. పసివాడు చప్పుడు చేయకుండుట సంతసింపదగిన సంగతి కాదని మీకు చెప్పవలసిన పనిలేదు. కొంతసేపటికి చూడగా కాపరి చెంత మూడు గొఱ్ఱెలకు బదులు రెండే యున్నవి.

"ఏదీ, నోరు తెఱువుము" అంటిమి.

తెఱచెను. మూడవ గొఱ్ఱె యందు సుఖముగా నుండెను.

"తప్పిపోయిన గొఱ్ఱె దొరికిందమ్మా!" యని అక్కగారనగా అందఱము కడుపుబ్బ నవ్వితిమి. ఆ నవ్వులు సద్దుమణగకముందే అక్కగారి మనుమడు, ఏడేండ్లవాడు, ప్రేమకొలది తన చేతిలోని వేయించిన వేరుశనగగింజలు కొన్ని మా వానికి పెట్టెను. మేమప్పుడు అక్కగారి కోడలు కట్టిన మంగళగిరి చీర అంచును చేతబట్టి చూచుచుంటిమి. మా వాడును అందఱితోపాటు నవ్వుచుండెను. ఆ నవ్వు నడుమ ఆగెను. దగ్గు రాలేదు. ఏడుపు రాలేదు. నోరు తెఱచియే యున్నది, శబ్దము లేదు. అడుగక యుండగనే తెఱచిన ఆ నోటిని చూచి మేమేమి చేసితిమని యడుగుదురేమో. ఏమియు చేయలేదు. చీర అంచు మా చేతనే యున్నది.

అక్కగారు ఒక్క మాటయైన నాడక కుర్చీలో కూర్చుండి, వానిని తన తొడలమీద బోరగిల పరుండబెట్టి, తల దిగువకుండునట్లు పట్టి, రెక్కల నడుమ అరచేతి మొదటితో గట్టిగా చఱచిరి. ఒకటి, రెండు, మూడు. మూడవ దెబ్బకు గింజ గచ్చుమీద పడెను. వాడు గ్రుక్కపట్టి యేడ్చెను. ఆ యేడుపు వినినంతసేపు మేము వానిని ఊరడింపలేదు, వినుచునే యుంటిమి.

ఆ రాత్రి వాని ఱొమ్ముపై చేయి వైచి మేలుకొనియే యుంటిమి. మావారు మమ్మేమియు ననలేదు. టార్చిలైటు పుచ్చుకొని మంచములక్రింద, బీరువాల వెనుక వెదకి, రెండు బొత్తాములు, ఒక గోలీ, కలము మూత, పాడైన ఆటబొమ్మలోని బిళ్లబ్యాటరీ యొకటి తెచ్చి బల్లమీద వరుసగా పెట్టిరి. అవి చూచి మాకు మఱల వణకు పుట్టినది.

మఱునాడు అక్కగారు మాకు నేర్పినది మీకును చెప్పుచున్నాము. కావలసినవారు కాగితముపై వ్రాసి వంటయింట నంటింపుడు. రెండేండ్ల బిడ్డ ఊపిరిగొట్టము వాని చిటికెనవ్రేలి పాటిది. కావున గుండ్రనివి, గట్టివి, జాఱునవి వానికి శత్రువులు. వేరుశనగ మొదలగు గట్టిపప్పులు ఐదేండ్లు నిండువఱకు గింజలుగా పెట్టరాదు, పొడిచేసి పెట్టవలెను. ద్రాక్షపండును నిలువుగా చీల్చి పెట్టవలెను. బిడ్డ గట్టిగా దగ్గుచున్నచో వీపు బాదక, నీరు పోయక, దగ్గనీయవలెను. ఆ దగ్గే మందు. దగ్గలేక, ఏడువలేక యున్నచో అక్కగారు చేసినట్లు తల దించి రెక్కల నడుమ ఐదు దెబ్బలు కొట్టవలెను. అప్పటికిని రానిచో, ఏడాది దాటిన బిడ్డనైన వెనుకనుండి పట్టుకొని, బొడ్డుకు పైని, ఱొమ్ముటెముకకు దిగువను పిడికిలి యుంచి, లోనికిని పైకిని ఐదుమాఱులు నొక్కవలెను. ఏడాది నిండని శిశువునకు కడుపు నొక్కరాదు. వెల్లకిల త్రిప్పి ఱొమ్ము నడుమ ఒక అరచేతి మొదటితో ఐదుమాఱులు నొక్కవలెను. వస్తువు వెడలువఱకు దెబ్బలు, నొక్కుటలు మార్చి మార్చి చేయుచుండగా ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. కంటికి కనబడని దానికై నోట వ్రేలు పెట్టి కెలుకరాదు, లోనికి పోవును. కడుపు నొక్కిన బిడ్డను, గింజ వెడలినను, వైద్యునకు చూపవలెను. బిళ్లబ్యాటరీ మ్రింగినచో క్షణమైన నాలసింపక ఆసుపత్రికి పోవలెను. అది రెండు గంటలలోనే గొంతును లోపల కాల్చును.

ఇట్లు నేర్చుకొని, సంక్రాంతికి నందిగామ పోయితిమి. చిల్లకల్లు దాటి పెద్దబాటలో బస్సు పోవుచుండగా ఇరువైపుల ప్రత్తిచేలు, మిరపచేలు. మా వాడు వానికిని చేతులు జోడించెను. మా మనసు మాత్రము భోగినాటి సాయంకాలముపై నుండెను. భోగిపండ్లలో నేముండునో మీకు తెలియును గదా: రేగుపండ్లు, నానబెట్టిన శనగలు, చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లర నాణెములు. అక్కగారు చెప్పిన శత్రువులందఱు నొక్కచోట చేరి మా వాని తలమీదనే దిగనున్నారు! ఏడాది క్రిందట పోసినప్పుడు వానికి నడక రాలేదు. ఇప్పుడు చేతులు, కాళ్లు, ఆశ అన్నియు వచ్చినవి.

పుట్టింట పండుగకు వచ్చిన ఆడుబిడ్డ ఆచారమునకు అడ్డుచెప్పుట యెంత కష్టమో తెలిసినవారికే తెలియును. మా మేనత్త ఆ యింట పెద్దది. మాకు, మా అన్నదమ్ములకు అందఱికిని భోగిపండ్లు పోసిన చేయి ఆమెది. పళ్లెము సిద్ధముచేయుచుండగా మెల్లగా, "అత్తా, ఈసారి చిల్లర, శనగలు వద్దు. పూలరేకులు చాలును" అంటిమి.

"చిల్లర లేని భోగిపండ్లేమిటే? నెత్తిన డబ్బులు కురిస్తేనే గదా కలిసొచ్చేది! మీ అందరికీ పోశాను, ఎవరికేమైంది?" అనెను.

ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఏమైనను కాని వారము కావుననే కదా యెదుట నిలిచి మాటాడుచున్నాము!

మావారు మాకు సాయము వచ్చిరి. వారు ప్రతి యేడును బడిపిల్లలను మా పేటలోని ధనబోడు మీది బౌద్ధస్తూపమునకు తీసికొనిపోవుదురు. 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన ఆ స్తూపమున దొరకిన సున్నపుఱాతి ఫలకముపై, చేయి పైకెత్తి నిలిచిన చక్రవర్తిమీద మేఘములనుండి చదరపు నాణెములు వానగా కురియుచుండును. అతడు మాంధాత యని చెప్పుదురు. "నెత్తిన డబ్బులు కురియుట రెండువేల యేండ్లనాటి ముచ్చటయే, పెద్దమ్మగారూ. కాని ఆ చక్రవర్తి పెద్దవాడు, నోట పెట్టుకొనడు" అనిరి. మా మేనత్త శిల్పములకు లొంగునది కాదు. చిల్లర డబ్బా మూత తీసెను.

అప్పుడు మా తల్లిగారు పిండి కలుపుచు, తలయెత్తక, "వదినగారూ, మీ తమ్ముడి నయాపైస సంగతి మరచిపోయారా?" అనిరి.

మూల కుర్చీలో మా తండ్రిగారు చదువుచున్న వార్తాపత్రిక కొంచెము పైకి లేచి, వారి ముఖమును పూర్తిగా కప్పెను. మా మేనత్త మొదట పెదవి బిగించెను. పిదప పకపక నవ్వెను. నయాపైసలు 1957లో వచ్చినవి. ఆ తరువాతి యొక భోగినాడు తలమీదినుండి జాఱిన యొక నయాపైసను మా తండ్రిగారు మ్రింగిరట. మూడు దినములు వారికి అరటిపండ్లు తినిపించి, మా నాయనమ్మగారు పెరటిలో కావలి కూర్చుండిరట. నాలుగవ దినమున ఆ పైస లోకమునకు మఱల వచ్చెనట. నేడైన వైద్యులు ఎక్స్‌రే తీసి అది యెచ్చట నున్నదో చూతురు; ఆనాడు అరటిపండే వైద్యుడు.

మా మేనత్త నవ్వి నవ్వి కన్నులు తుడుచుకొనుచు ఆగిపోయెను. "అది కడుపులోకి పోయింది కాబట్టి నవ్వుతున్నాం" అని మెల్లగా ననెను. చిల్లర డబ్బా మూత పెట్టెను.

భోగిపండ్లు పోసితిమి. మా వానిని చాపమీద పఱచిన తెల్లదుప్పటి నడుమ కూర్చుండబెట్టి, బంతి, చేమంతి రేకులు పోసితిమి. శాస్త్రమునకు రేగుపండ్లు ఐదు మాత్రము లెక్కించి వేసి, లెక్కించి తీసితిమి. నాణెములను గుడ్డలో ముడివేసి మా మేనత్తయే మూడుమాఱులు దిగదుడిచి, మఱునాడు గంగిరెద్దువానికిచ్చెను. దుప్పటి నాలుగు చెఱగులు పట్టి యెత్తగా నేలమీద నేమియు మిగులలేదు. దిష్టి తొలగినదా లేదా యనిన, ఇన్ని కన్నులు ఆ పసివానినే కాచుచుండగా ఇక దిష్టికి చోటెక్కడ? ఆ రాత్రి నీళ్లకై లేచి చూడగా మా మేనత్త మోకాళ్లమీద కూర్చుండి, ఫోను వెలుతురున చాపక్రింద వెదకుచుండెను. "ఐదూ తీశామని తెలుసు. ఊరికే చూస్తున్నా" అనెను. మేమును ఆమె ప్రక్క కూర్చుండి ఊరకే చూచితిమి.

కనుమనాడు పనులు ముగిసి, వంటయింట నొక మూల, ఎవరును చూడకుండ చివరి అరిసె ముక్కను నోట వేసికొంటిమి. మా వాడు ఎప్పుడు వచ్చెనో తెలియదు. మా గడ్డము పట్టుకొని, మా గొంతునే తెచ్చికొని, "ఏదీ, ఆ…" అనెను.

తెఱవక తప్పలేదు. ఆ నోట వానికే లోకములు కనబడెనో తెలియదు గాని, యశోద యంత గంభీరముగా చూచి, వ్రేలు పెట్టి, ఉన్న ముక్కను తీసికొని తినెను.