మంచిచెడుల మనిషి

లోకంలో మంచివారు కొందరు, చెడ్డవారు కొందరు అని రెండు వరుసలుగా విడదీసి చూడడం మనిషికి అలవాటు. ఈ విభజన సులువైనది. చూసేవాడు తనను తాను ఎప్పుడూ మంచివారి వరుసలోనే నిలుపుకొంటాడు కనుక సుఖమైనది కూడా. అయితే తెలుగువారు తరతరాలుగా వింటున్న మహాభారతం ఈ సుఖాన్ని దక్కనివ్వదు. అడిగిన వెంటనే కవచకుండలాలను కోసి ఇచ్చిన మహాదాత కర్ణుడు. నిండుసభలో ద్రౌపదికి జరిగిన అవమానాన్ని ప్రోత్సహించినవాడూ అతడే. ధర్మానికి మారుపేరు ధర్మరాజు. జూదంలో తమ్ములను, ఇల్లాలిని పణంగా ఒడ్డినవాడూ అతడే. మంచిచెడుల మధ్య గీత మనిషికీ మనిషికీ నడుమ లేదని, ప్రతి మనిషి హృదయంలోనే ఉందని ఈ పాత్రలు తెలుపుతున్నాయి.

ఈ సత్యానికి ఉదాహరణ పురాణాలలోనే వెదకనక్కరలేదు. కర్నూలు జిల్లా పడమటి భాగాన, ఆదోనికి దక్షిణంగా, గుంతకల్లుకు సమీపంలో చిప్పగిరి అనే గ్రామం ఉంది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే సీమ అది. ప్రసిద్ధ హరిదాసు విజయదాసు 1755లో ఇక్కడే తనువు చాలించారు. నేటి కర్ణాటకలోని రాయచూరు జిల్లా చీకలపర్విలో 1682లో జన్మించిన ఆయన బాల్యమంతా పేదరికంలోనే గడిచింది. పండితుల భాషలో గాక, పామరులకు అర్థమయ్యే కన్నడంలో కీర్తనలు, సుళాదులు రచించి ఊరూరా పాడుతూ తిరిగారు. ఏటా కార్తీక శుద్ధ దశమినాడు చిప్పగిరిలో ఆయన ఆరాధనోత్సవం జరుగుతుంది.

విజయదాసును గురించి దాస సంప్రదాయంలో ఒక కథ ప్రచారంలో ఉంది. మాన్విలో శ్రీనివాసాచార్యులనే గొప్ప సంస్కృత పండితుడు ఉండేవాడు. ఒకనాడు ఆ ఊరికి వచ్చిన విజయదాసు ఆయనను భోజనానికి ఆహ్వానించారు. దేశభాషలో పాటలు కట్టుకొని తిరిగే దాసుని పంక్తిలో కూర్చోవడం పండితునికి చిన్నతనమనిపించింది. కడుపునొప్పి అని సాకు చెప్పి తప్పించుకొన్నాడు. కొంతకాలానికి ఆ అబద్ధమే నిజమైంది. ఏ వైద్యానికీ లొంగని ఉదరవ్యాధి ఆయనను పట్టి పీడించింది. తన అపరాధాన్ని గుర్తించి, చివరకు తాను తృణీకరించిన విజయదాసునే శరణు వేడాడు. ఆయన కోపగించుకోలేదు, తన శిష్యుడైన గోపాలదాసు వద్దకు పంపారు. నేటి తెలంగాణలోని గద్వాల ప్రాంతపు ఉత్తనూరులో ఉన్న గోపాలదాసు, గురువు ఆజ్ఞపై తన ఆయుర్దాయంలో నలభై ఏళ్లను ఆ పండితునికి ధారపోశారని భక్తుల విశ్వాసం. ఆ శ్రీనివాసాచార్యులే తరువాత జగన్నాథదాసుగా ప్రసిద్ధికెక్కి, 'హరికథామృతసారం' అనే మహాగ్రంథాన్ని రచించాడు. ఒకప్పుడు తాను ఈసడించిన కన్నడంలోనే దానిని రచించడం విశేషం.

ఆయుర్దాయాన్ని ధారపోయడం నమ్మేవారు నమ్మవచ్చు, నమ్మనివారు మానవచ్చు. కథలోని మానవసత్యాన్ని మాత్రం కాదనలేము. శ్రీనివాసాచార్యులు దుర్మార్గుడు కాడు, విద్వాంసుడు, ఆచారపరుడు. ఆయనలోని చెడు వేరొక చోట పుట్టలేదు. ఆయనకు గౌరవం తెచ్చిన విద్యలోనే అహంకారమై మొలిచింది. పైరుకు పెట్టిన నీరే కలుపుకూ పారినట్లు, ఒక్కొక్కప్పుడు మంచిని ఆశ్రయించుకొనే చెడు పెరుగుతుంది. కనుకనే దానిని గుర్తుపట్టడం కష్టం. పశ్చాత్తాపం కలిగిన తరువాత ఆయన తన విద్యను వదులుకోలేదు. అహంకారాన్ని వదిలి, ఆ విద్యనే అందరికీ పంచాడు.

ఒక వ్యక్తిలో కనిపించే ఈ ద్వంద్వం సమూహంలోనూ కనిపిస్తుంది. అదే పశ్చిమ సీమలో, హొళగుంద మండలం దేవరగట్టుపై మాళ మల్లేశ్వరస్వామి ఆలయం ఉంది. విజయదశమి రాత్రి అక్కడ జరిగే బన్ని ఉత్సవంలో ఉత్సవమూర్తుల కోసం పలు గ్రామాలవారు కర్రలతో తలపడతారు. మణి, మల్లాసురులనే రాక్షసుల సంహారానికి అది గుర్తు అని చెబుతారు. ఏటా అనేకులు గాయపడుతున్నారు. కొన్ని సంవత్సరాలలో ప్రాణాలూ పోయాయి. నిష్ఠతో కొండ ఎక్కిన చేయి, దెబ్బకు ఎత్తిన చేయి ఒక్కటే. రాక్షస సంహారాన్ని స్మరించే వేళ రాక్షసుడు ఎదుటివాని రూపంలోనే ఉన్నాడని తలచడం పొరపాటు.

చెడును ఎదుటివారికే అంటగట్టే ఈ దృష్టి చట్టంగా మారితే ఎంత అనర్థమో చరిత్ర చెబుతుంది. ఆంగ్లేయ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టాన్ని తెచ్చి, కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానిలోనూ అమలయింది. నేటి బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఎరుకలవారి కోసం ఏర్పడిన అలాంటి నిర్బంధ కేంద్రమే. స్వాతంత్ర్యానంతరం 1952లో చట్టం రద్దయినా, ముద్ర చెరగడానికి చాలా కాలం పట్టింది. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల దశకంలో అక్కడివారి మధ్యకు వెళ్లి, వారిలోని మంచిని నమ్మి, కొత్త జీవితానికి దారి చూపారు.

అందరిలోనూ చెడు ఉన్నదంటే నేరం చేసినవానిని విడిచిపెట్టాలా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. నష్టపోయినవారికి న్యాయం జరగాలి. తప్పు చేసినవాడు ఫలితం అనుభవించాలి. శ్రీనివాసాచార్యులు కూడా బాధ అనుభవించాడు, తలవంచి క్షమాపణ కోరాడు. కాని విజయదాసు వాకిలి ఆయనకు మూసి ఉండలేదు. దండన తప్పునకు చెందాలి; మనిషి మారగలడనే ఆశను అది మింగకూడదు.

యౌవనంలో తీర్పులు త్వరగా వెలువడతాయి. ఒక్క మాటతో స్నేహితుని చెడ్డవాడని నిర్ణయించడం, ఒక్క ఓటమితో తనను తాను పనికిరానివాడని తలచడం ఆ వయస్సులో సహజం. ఈ రెండు తీర్పులూ తొందరపాటువే. ఎదుటివానిలో చెడు కనబడినప్పుడు తనలోని చెడును, తనలో చెడు కనబడినప్పుడు తనలోని మంచిని గుర్తుచేసుకోవడమే వివేకం. సాకు చెప్పి విందు తప్పించుకొన్న నోటితోనే మహాకావ్యం పలికిన మనిషి కథ చిప్పగిరి దారిలో నేటికీ వినబడుతూనే ఉంది.