మంచీ చెడూ మాట్లాడటం ముందు మానిందెవరు?

జనంలో నీతి నశించిందని ఇప్పుడు ప్రతి సభలోనూ వింటున్నాం. కాలాన్నీ, కుర్రకారునూ, సెల్‌ఫోన్లనూ తిట్టి పెద్దలు వేదిక దిగుతారు. ఈ నింద జనం మీద వేయడం అన్యాయం. మంచీ చెడూ మాట్లాడటం ముందుగా మానేసింది ఏలేవాళ్లు. దానికి మద్యం కథే సాక్ష్యం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు నడిచాయి. సారా కొట్టు మూయించిన ఆడవాళ్ల పాఠం ఒకటి అక్కడి వాచకంలో ఉంది. దాన్ని కూడబలుక్కుని చదివిన కూలి ఆడవాళ్లు 1992లో వీధుల్లోకి వచ్చారు. వాళ్లలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. వాళ్లు ఖజానా లెక్కలు చెప్పలేదు, గణాంకాలు చూపలేదు. మొగుడి కూలి డబ్బులు పొద్దుగూకేసరికి కొట్టు పాలవుతున్నాయి, పిల్లలు పస్తులుంటున్నారు, దీని మీద సర్కారు బతకడం తప్పు అన్నారు. అక్షరం అప్పుడే దిద్దుకుంటున్నవాళ్లు ప్రభుత్వాన్ని ధర్మం అడిగారు. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

1997లో దాన్ని ఎత్తేశారు. నిషేధం నిలవలేదు కదా అంటారు. నిజమే, దొంగసారా కాగింది, పొరుగు రాష్ట్రాల సరుకు సరిహద్దులు దాటింది. పద్ధతి పనిచేయకపోతే ఇంకో పద్ధతి వెతకాలి. మనవాళ్లు అసలు ప్రశ్ననే అటకెక్కించారు. మద్యం అంటే ఇక ఆదాయమే. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగివ్వని రుసుం 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లు దాటింది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు ఇలాగే దరఖాస్తు రుసుంగా సుమారు 1,800 కోట్లు. ఇవి విజయవార్తల్లాగే అచ్చయ్యాయి. మద్యనిషేధానికి రాజ్యం పాటుపడాలని చెప్పే రాజ్యాంగం 47వ అధికరణ మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

తాగడం ఎవరిష్టం వాళ్లదని, సర్కారు నీతులు చెప్పకూడదని చదువుకున్నవాళ్లు వాదిస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నీతి పేరుతో ఆడపిల్ల బట్టల మీదా, కులం దాటిన పెళ్లి మీదా కర్ర ఎత్తిన సమాజం మనది. ఆ కర్ర ఎప్పుడూ పైవాడి చేతిలో ఉండి కిందివాళ్ల మీద పడింది. నెల్లూరు ఆడవాళ్లు చేసింది సరిగ్గా అందుకు ఎదురు. అదే న్యాయం, అదే ధర్మం చేతబట్టి కంట్రాక్టర్‌నూ, కలెక్టర్‌నూ, ముఖ్యమంత్రినీ నిలదీశారు. కిందివాళ్ల చేతిలో ఉన్న ఆ ఒక్క ఆయుధాన్నీ పాతకాలపుదని పారేయమంటే లాభపడేది ఎవరు? ఇష్టం అంటున్నారు. సాయంత్రం కూలి కోసం ఎదురుచూసే ఇల్లాలి ఇష్టం ఎవరైనా అడిగారా?

ఏటా ఆబ్కారీ ఆదాయం ఎంత పెరిగిందో శాసనసభకు చెబుతున్నారు. ఆ డబ్బులో కూలి ఇళ్ల నుంచి వచ్చిందెంత, తాగుడు వల్ల ఆస్పత్రుల పాలైనవాళ్లెందరు, దెబ్బలు తిన్న ఆడవాళ్లెందరు అన్న లెక్క కూడా అదే రోజు, అదే సభ ముందు పెట్టాలి. ఇది న్యాయమా అని సభ్యులు అక్కడే లేచి అడగాలి.