మరువరాని మజ్జిగ

తెలుగువారి భోజనం పప్పుతోనో పచ్చడితోనో ఆరంభం కావచ్చు. ముగింపు మాత్రం పెరుగుతోనో మజ్జిగతోనో జరగాలి. విస్తట్లో ఎన్ని వంటకాలు వడ్డించినా చివర చల్ల పోయని భోజనం అసంపూర్ణమని పెద్దల భావన. తిరుమల శ్రీనివాసునికి సమర్పించే నైవేద్యాలలోనూ పెరుగన్నానికి విశిష్ట స్థానం ఉంది. ఇంతటి గౌరవం పొందిన ఆహారాన్ని నేటి యువతరం చిన్నచూపు చూడడం విచారకరం.

పాలు పెరుగుగా మారడం కంటికి కనిపించని జీవుల కృషి ఫలితం. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే, అందులోని బాక్టీరియా పాలలోని లాక్టోజు అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం వల్ల కేసీన్ అనే మాంసకృత్తి గడ్డకట్టి పెరుగు తోడుకొంటుంది. లాక్టోజు కొంత తగ్గడం వల్ల, పాలు పడనివారిలో పలువురు పెరుగును సులభంగా జీర్ణం చేసుకోగలుగుతారు. ఎముకలకు బలమిచ్చే కాల్షియం, శరీర నిర్మాణానికి తోడ్పడే మాంసకృత్తులు, బి12 విటమిను ఇందులో ఉన్నాయి.

1905లో బల్గేరియాకు చెందిన స్టామెన్ గ్రిగొరోవ్ తమ దేశపు పెరుగులోని బాక్టీరియాను గుర్తించాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకొన్న మెచ్నికోవ్, ఇటువంటి బాక్టీరియా వార్ధక్యాన్ని దూరం చేస్తుందని విశ్వసించాడు. ఆ విశ్వాసం నేటికీ పూర్తిగా రుజువు కాలేదు. కనుక పెరుగును సర్వరోగ నివారిణిగా కీర్తించడం తగదు. అది మంచి ఆహారం. ఆ గుర్తింపు చాలు.

మజ్జిగకు మరొక విలువ ఉంది. ‘చల్లకు వచ్చి ముంత దాచినట్లు’ అనే సామెతను గమనించండి. పొరుగింటికి చల్ల కోసం వెళ్లడం సిగ్గుపడవలసిన పని కాదని అది చెప్పకనే చెబుతున్నది. పూర్వం పాడి గల ఇళ్లలో నెయ్యి కోసం పెరుగు చిలికేవారు. వెన్న తీయగా మిగిలిన చల్ల ఇరుగుపొరుగువారికి అందేది. పాడి లేని కూలివాని గంజిలోనూ ఆ చల్ల కలిసేది.

1970లో ప్రారంభమైన క్షీర విప్లవం రైతుకు పాల మీద నికరమైన ఆదాయాన్ని కల్పించింది. 1998 నాటికి భారతదేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే ప్రథమ స్థానానికి చేరింది. ఇది హర్షించదగిన ప్రగతి. అయితే పాలు నేరుగా పాలకేంద్రానికి చేరడంతో ఇంట్లో కవ్వం చప్పుడు తగ్గింది. చిలకనిదే చల్ల లేదు. అడిగితే దొరికే చల్ల పేదవానికి కొనవలసిన వస్తువుగా మారింది. ప్రగతిని లెక్కించేటప్పుడు ఈ నష్టాన్ని కూడా తలచుకోవడం న్యాయం.

ఆ ఖాళీని నేడు శీతల పానీయాలు ఆక్రమిస్తున్నాయి. 300 మిల్లీలీటర్ల తీపి పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అదే ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, చెమట రూపంలో కోల్పోయిన నీటిని, లవణాలను శరీరానికి తిరిగి అందిస్తుంది.

ఈ వేగవంతమైన జీవితంలో పెరుగు తోడుపెట్టే తీరిక ఎవరికున్నదని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ పని ఇల్లాలికే వదిలివేసినంత కాలం ఈ ప్రశ్న సమంజసమే. కాని పాలు కాచి, తోడు వేయడానికి పట్టే సమయం స్వల్పం. ఇంట్లో ఎవరైనా, విద్యార్థులైనా, ఆ బాధ్యత స్వీకరించవచ్చు. వేసవిలో వసతిగృహాలు ప్రతి పూటా మజ్జిగ అందించాలి. చలివేంద్రాలలో మంచినీటితోపాటు మజ్జిగ కుండ కూడా ఉండాలి. దాహంతో వచ్చినవాడు ముంత దాచుకోవలసిన అవసరం లేని సమాజమే ఆరోగ్యవంతమైన సమాజం.